నడుమ నిలిచిన పరుగు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథాలయోద్యమమును గూర్చియు, ఈ భవనమునకు స్థలము, కలప, కాయకష్టము ఇచ్చిన పుణ్యాత్ములను గూర్చియు నాకంటె అర్హులైనవారు ముందే ప్రసంగించిరి. నాకు మాత్రము కార్యదర్శిగారు ఏ విషయమును నిర్ణయింపక, "మీకు తోచినది చెప్పుడు" అనిరి. లెక్కలు వ్రాయువానికి అంత స్వేచ్ఛ యిచ్చుట సాహసమే. నేను భారతకథ యేదైన ఎత్తుకొందునని తలచి పెద్దలు ముందు వరుసలో ఆసీనులైరి. భారతము ఒకచోట రాకపోదు గాని, నేడు నేను చెప్పదలచినది పరుగుపందెముల కథ. అమెరికా దేశమున పుట్టి, నడిదూరపు పరుగులలో ప్రసిద్ధి గాంచిన జాన్ వుడ్రఫ్ అను నల్లజాతి వీరుని చరిత్రము.

మన పఠనమందిరమునకు పత్రిక వచ్చినంతనే ముందుగా నలుగునది ఆటల పుట. దానిని చదువు యువకులే గాక, చదువనట్లు నటించు పెద్దలును కలరు. ఆ పుటలో గెలిచినవాని పేరును, పట్టిన కాలమును ఉండును. అంతటితో సరి. మన పుస్తకముల చిట్టాలోను అంతియే కదా! పుస్తకము తీసికొన్న తేది యొక గడిలో, తిరిగి యిచ్చిన తేది యొక గడిలో వ్రాయుదుము. చదివిరా, తలక్రింద పెట్టుకొని నిద్రించిరా అనుటకు గడి లేదు. వుడ్రఫ్ జీవితమున రెండు పరుగులు కలవు. ఒకదాని అంకె గ్రంథములకెక్కినది. రెండవదాని అంకె ఎక్కవలసియు ఎక్కలేదు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో అంకె యెంత చెప్పునో, ఎంత దాచునో తెలియును. అందులకే ఈ కథను ఎంచుకొంటిని.

పెన్సిల్వేనియా రాష్ట్రమున కానెల్స్‌విల్ అను చిన్న పట్టణము కలదు. రాతిబొగ్గును బట్టీలలో కాల్చి ఉక్కు కార్ఖానాలకు వలయు కోకుగా మార్చుట ఆ ప్రాంతపు ఒకప్పటి జీవనాధారము. వుడ్రఫ్ అక్కడ 1915 జూలై 5వ తేదీన జన్మించెను. అతని పూర్వులు వర్జీనియా సీమలో బానిసలుగా నుండినవారు. అది ఎన్నో తరములనాటి మాట కాదు, అతని తాతల నాటి మాట. తండ్రి బొగ్గు కంపెనీలో శ్రమించి సంసారము నీడ్చెను.

బడిలో బాలుడు మొదట ఫుట్‌బాలు ఆడబోయెను. ఇది అమెరికావారి ఫుట్‌బాలు. మన మెరిగిన బంతియాట కాదు. ఆట ముగించి ఇల్లు చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకుచుండెను, ఇంటి పనులు నిలిచిపోవుచుండెను. తల్లి ఆట మాన్పించెను. పిమ్మట 16 ఏండ్ల ప్రాయమున అతడు చదువే మానుకొని, సంపాదింపవలెనని కార్ఖానాకు పోయి పని యడిగెను. నల్లవారిని చేర్చుకొనుట లేదని చెప్పి వారు త్రిప్పి పంపిరి. వేరుదారి లేక మరల బడికి వచ్చెను. కార్ఖానావారు ఆనాడు ధర్మముగా వర్తించియుండినచో ఈ కథయే లేదు. అన్యాయమువలన ఒకప్పుడు మేలు కలిగినంత మాత్రమున అన్యాయమునకు కృతజ్ఞత చెప్పనక్కరలేదని ఇచ్చటనే మనవి చేయుచున్నాను. అట్లు చెప్పువారిని నేను చాలమందిని చూచితిని.

మరలివచ్చిన బాలుని శిక్షకుడు పరుగునకు పెట్టెను. పరుగు సాధన చీకటి పడకమునుపే ముగియును గనుక తల్లియు అడ్డుచెప్పలేదు. అతడు పరుగెత్తుట చూచినవారు మొదట చెప్పుకొన్నది వేగమును గూర్చి గాదు, అంగను గూర్చి. మనిషి పొడవు 6 అడుగుల 3 అంగుళములు. పరుగులో ఒక్కొక్క అంగ సుమారు 9 అడుగులు. మనము పొలము గట్టున మూడు నాలుగు అడుగులు వేసి దాటు దూరమును అతడు ఒక్క అంగలో దాటెడివాడు. మూడడుగుల నేల యడిగిన వటువు త్రివిక్రముడై పాదమెత్తిన ఘట్టము నాకు జ్ఞప్తికి వచ్చును. అయితే పెద్ద అంగకు చోటు కావలెను. గుంపు నడుమ చిక్కిన పొడుగు కాళ్లవాడు తన వేగమును తానే వాడుకొనజాలడు. ముందువాని మడమ త్రొక్కు ప్రమాదము కలదు. పరుగువారి జోళ్ల అడుగున ఇనుప ముళ్లు ఉండునని మరువరాదు. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. బెర్లినులో దీనితో పని పడును.

పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమువారు విద్యార్థి వేతనమిచ్చి అతనిని చేర్చుకొనిరి. ఆ నగరమున దిగినప్పుడు అతని జేబులోని ధనము 25 సెంట్లు, అనగా పావు డాలరు. శిక్షకుడు కార్ల్ ఓల్సన్ 5 డాలర్లు చేతబెట్టి ఆ వారము గడుపుకొమ్మనెను. ఆటల పిమ్మట క్రీడామైదానమును శుభ్రపరచుట మొదలగు పనులు చేయుచు, చదువుచు, పరుగెత్తుచు ఒక సంవత్సరము గడపెను. ఆ మొదటి సంవత్సరము ముగిసిన వేసవిలోనే, 1936 జూలై నెలలో, న్యూయార్కులో జరిగిన ఎంపిక పందెములలో 800 మీటర్ల పరుగున ప్రథముడై ఒలింపిక్ జట్టులో చేరెను. నాటికి అతనికి 21 ఏండ్లు. ఎందరో ఏండ్ల తరబడి సాధన చేసి చేరని చోటికి, పెద్ద పందెముల అనుభవము కొద్దిమాత్రమే గలవాడు చేరెను. ఇదియు గుర్తుంచుకొనదగినదే.

ఇక ఈ పరుగు స్వరూపమును గూర్చి రెండు మాటలు. 100 మీటర్ల పందెమున వేగమొక్కటే చాలును. 10,000 మీటర్ల పందెమున దమ్ము ప్రధానము. 800 మీటర్లు ఈ రెంటి నడుమ చిక్కిన పందెము. మొదటి నుండియు ప్రాణము ఒడ్డి పరుగెత్తినవాడు చివర కాళ్లు సీసమై కూలబడును. ఓపిక దాచుకొన్నవాడు దాచుకొనియే ఓడిపోవును. బాట అండాకారముగా 400 మీటర్లు చుట్టుకొలత కలది. దానిని రెండుమార్లు చుట్టవలెను. నేడు తొలి మలుపు ముగియువరకు ఎవరి గీతల నడుమ వారు పరుగెత్తవలెనను నియమము కలదు. ఆనాడు ఆ నియమము లేదు. అందరును ఒకేమారు బయలుదేరి లోపలి అంచునకు చేరుకొనుటకు తొందరపడెడివారు. ఏలయన, లోపలి అంచున పరుగెత్తినవానికి దూరము తక్కువ. కావున మోచేతులు తగులును, కాళ్లు చిక్కుపడును. ఒకని నెట్టి దారి చేసికొన్నవానిని పందెమునుండి తొలగింతురు.

1936 ఆగస్టు 1వ తేదీన బెర్లిను నగరమున ఒలింపిక్ క్రీడలు ఆరంభమయ్యెను. హిట్లరు పాలనకు అది నాల్గవ యేడు. ఆర్యజాతి యొక్కటే శ్రేష్ఠమనియు, తక్కిన జాతులు హీనములనియు వారు పాఠశాలలలో బోధించుచుండిరి. యూదులకు పౌరసత్వమును తొలగించు శాసనములు అంతకు ముందటి యేడే చేసిరి. 'ఆర్య' అను మన ప్రాచీన శబ్దమును పట్టుకొని పోయి వారు చేసిన అపచారమును తలచుకొన్నపుడు, పుస్తకములు చదువువారికి కొంత సిగ్గు, కొంత కోపము కలుగక మానదు. మన వాఙ్మయమున ఆ పదము నడవడికి వాడిరి గాని, చర్మపు రంగు కొలుచుటకు గాదు.

అమెరికా జట్టు జూలై 15వ తేదీన మాన్‌హాటన్ అను ఓడనెక్కి, సముద్రము దాటి, హాంబర్గు రేవున దిగి బెర్లిను చేరెను. ఆ జట్టున నల్లజాతివారు 18 మంది. వారిలో జెస్సీ ఓవెన్సు పేరు మీరందరును వినియుందురు. నాలుగు స్వర్ణపతకములు గెలిచిన ఆ మహావీరుని వెలుగులో వుడ్రఫ్ పేరు కొంత మరుగుపడినది. ఆగస్టు 4వ తేదీన ఓవెన్సు దూరపు దుముకులో గెలిచెను. అదే దినమున వుడ్రఫ్ పరుగెత్తెను. ఆ సాయంకాలము ఆ మైదానమున లక్షమంది వరకు జనులుండిరి.

అంతిమ పందెమున తొమ్మిదిమంది. అందు కెనడా పక్షమున ఫిల్ ఎడ్వర్డ్సు అను వాడొకడు. అతడును నల్లజాతివాడే, బ్రిటిష్ గయానాలో పుట్టినవాడు, వైద్యవిద్య నేర్చినవాడు. మూడు ఒలింపిక్కులలో మొత్తము ఐదు కాంస్యపతకములు పొందెను గాని, స్వర్ణముగాని రజతముగాని పొందలేదు. అతనిని గూర్చి వేరొక ప్రసంగము చేయదగును. ఇటలీవాడు మారియో లాంజీ మరియొకడు. ఎడ్వర్డ్సు అనుభవశాలి. పందెము మొదలైనంతనే ముందునకు వచ్చి, నడకను మిక్కిలి మందగింపజేసెను. మొదటి చుట్టు పూర్తియగునప్పటికి 57 సెకనులు దాటినవి. అట్టి పందెమునకు అది చాల తక్కువ వేగము.

వుడ్రఫ్ అతని వెనుక లోపలి అంచున ఉండెను. వేగము తగ్గగా వెనుకనున్నవారందరు వచ్చి ప్రక్కన మూగిరి. ముందొకడు, ప్రక్కన ఇంకొకడు, వెనుక కొందరు. తొమ్మిదడుగుల అంగకు చోటు లేదు. త్రోసికొని పోవుదమన్న తప్పు పట్టి తొలగింతురు. అట్లే యుండుదమన్న కడవరకు దారి దొరకదు. అమెరికావారు 24 ఏండ్లుగా, అనగా 1912 తరువాత, ఈ పందెమును గెలువలేదు. తనకన్న పండినవారి నడుమ, ఇరువదియొక్క యేండ్లవానికి, ఇదంతయు ఆలోచించుటకు దొరికిన కాలము ఒకటి రెండు క్షణములు.

అపుడతడు చేసిన పని అంతకు ముందు ఒలింపిక్ పందెమున ఎవరును చేసియుండరు. ఆగెను. అవును, ఒలింపిక్ అంతిమ పందెమున, నడుమ, దాదాపు నిలిచిపోయెను. తక్కినవారినందరిని తనను దాటిపోనిచ్చెను. గుంపంతయు ముందునకు సాగగా, తాను మెల్లగా బయటికి మూడవ బాటలోనికి జరిగి, మరల మొదటినుండి పరుగు ప్రారంభించెను. ఒకే పందెమును రెండుమార్లు ప్రారంభించితినని పిమ్మట అతడే చెప్పుకొనెను. బయటి బాటనుండి గుంపునంతయు చుట్టి ముందునకు వచ్చెను. ఎడ్వర్డ్సు ఊరకుండలేదు; మరల ముందంజ వేసెను. చివరి మలుపున వుడ్రఫ్ మరల అతనిని దాటెను. కడపట లాంజీ గాలివలె వచ్చెను గాని అందుకొనలేకపోయెను. వుడ్రఫ్ 1 నిమిషము 52.9 సెకనులు, లాంజీ 1 నిమిషము 53.3, ఎడ్వర్డ్సు 53.6. ఇది కట్టుకథ యని అనుమానించువారికి ఆధారము కలదు. ఆ క్రీడలను లెనీ రీఫెన్‌స్టాల్ అను జర్మను మహిళ చలనచిత్రముగా తీసెను. 'ఒలింపియా' అను పేర అది 1938లో వెలువడెను. అందు ఈ పందెమును కన్నులార చూడవచ్చును.

ఇప్పుడు అంకెను చూడుడు. 1 నిమిషము 52.9 సెకనులు. 1924లో గెలిచినవాని కాలము 52.4. 1928లో 51.8. 1932లో 50 సెకనులకు లోపే. వట్టి పట్టిక చదువువాడు ఏమనుకొనును? 1936లో గెలిచినవాడు పూర్వుల కంటె మందగాడనుకొనును. నడుమ నిలిచిన సంగతి పట్టికలో లేదు. బయటి బాటను చుట్టిన సంగతియు లేదు. దానికి లెక్క కట్టవచ్చును. ఒక్కొక్క బాట వెడల్పు సుమారు 4 అడుగులు. లోపలి అంచునకు 8 అడుగులు బయటగా ఒక్క మలుపును చుట్టినచో, ఆ 8 అడుగులను 3.14తో గుణించినంత, అనగా 25 అడుగులు అధికముగా పరుగెత్తవలెను. బాలురు ఎవరైన ఇంటికడ కాగితముమీద రెండు అర్ధవృత్తములు గీచి సరిచూచుకొనవచ్చును. లాంజీకి, వుడ్రఫ్‌నకు చివర మిగిలిన ఎడము అర సెకనుకు తక్కువ. దూరములో చూచిన పది అడుగులకు లోపే. అట్టి పందెమున ఒక మలుపునకు 25 అడుగులు ఎదురిచ్చి గెలుచుట యనగా ఏమో మీరే ఊహింపుడు.

స్వర్ణము గెలిచిన ప్రతివానికిని పతకముతోపాటు కుండీలో పెంచిన ఏడాది వయసు ఓకు మొక్క నొకదానిని బహూకరించిరి. ఓకు జర్మనులకు జాతీయవృక్షము వంటిది. పలువురి మొక్కలు త్రోవలోనే ఎండిపోయినవి. వుడ్రఫ్ తన మొక్కను ఓడలో భద్రముగా తెచ్చి పుట్టినయూరికి సమర్పించెను. ఊరివారు అతనిని ఊరేగించి సన్మానించిరి.

ఆ సన్మానపు పూలు వాడకముందే ఇంకొక ముచ్చట జరిగెను. పిట్స్‌బర్గు జట్టునకు అనాపొలిసులోని నౌకాదళ కళాశాలతో పందెములు ఏర్పాటయ్యెను. వుడ్రఫ్ వచ్చుచో తాము పందెములు జరుపమని అవతలివారు చెప్పిరి. విశ్వవిద్యాలయమువారు ఏమి చేసిరి? పందెములు మానుకొనిరా? మానుకొనలేదు. వుడ్రఫ్‌ను ఇంటికడ నుంచి, తక్కిన జట్టును తీసికొనిపోయిరి. తన దేశపు జెండాను బెర్లినులో పైకెత్తించిన బిడ్డకు తన దేశపు మైదానమున చోటు లేకపోయెను. నిషేధించినవారికంటె, విడిచి వెళ్లినవారు నాకు ఎక్కువ కష్టము కలిగింతురు.

భారతము ఒకచోట వచ్చునని ముందే చెప్పితిని. ఆదిపర్వమున కుమారుల అస్త్రవిద్యాప్రదర్శన ఘట్టము మీ రెరిగినదే. కర్ణుడు రంగమున నిలిచి అర్జునునితో సమానముగా విద్య చూపి ద్వంద్వమునకు పిలిచినంతనే, కృపాచార్యులు వాని విద్యను విడిచి కులమును ప్రశ్నించెను. కర్ణుడు తల వంచుకొనెను. ఉపమానమును మిక్కిలి లాగరాదు గాని, ఒక భేదమును మాత్రము చెప్పక తప్పదు. కర్ణునికి మొదట కులప్రశ్న, పిమ్మట పట్టాభిషేకము. వుడ్రఫ్‌నకు మొదట పరదేశమున పట్టాభిషేకము, పిమ్మట స్వదేశమున కులప్రశ్న. ఇరువురిలో ఎవరి కష్టము పెద్దదో పండితులు నిర్ణయింతురు గాక.

రెండవ పరుగునకు వచ్చుచున్నాను. 1937 జూలైలో టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమందు ఒక మహాప్రదర్శనము జరిగెను. దానితోపాటు ఉభయ అమెరికా ఖండముల క్రీడాకారులకు పందెములు పెట్టిరి. అంతకు కొద్దిదినముల ముందే ఎల్‌రాయ్ రాబిన్సన్ అనువాడు 1 నిమిషము 49.6 సెకనులలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పియుండెను. ఆ రాబిన్సన్ కూడ డల్లాసులో బరిలో దిగెను. వుడ్రఫ్ అతనిని ఓడించెను. కాలము 1 నిమిషము 47.8 సెకనులు. గడియారములు పట్టినవారు తమ కన్నులను తామే నమ్మలేని వేగము.

పిమ్మట బాటను మరల కొలిచిరి. పొట్టిగా నున్నదనిరి. ఐదడుగులని కొందరు, ఆరడుగులని కొందరు వ్రాసిరి. రికార్డు చెల్లదని కొట్టివేసిరి. తన రంగే అందులకు కారణమని వుడ్రఫ్ వృద్ధాప్యమున గూడ చెప్పుచుండెను. అది నిజమగునా కాదాయని తీర్పు చెప్పుటకు నేను న్యాయాధిపతిని గాను. నాకు తెలిసినది కొలత. ఆ కొలతతోనే చూతము.

800 మీటర్లు అనగా సుమారు 2,625 అడుగులు. దానిని 107.8 సెకనులలో పరుగెత్తినవాడు సెకనునకు 24 అడుగులకు కొంచెము పైగా పోయినట్లు. తక్కువైనవి ఐదడుగులు గాక ఆరే యనుకొందము. అదియు మొత్తము దూరమున గాక, చుట్టునకు ఆరడుగుల చొప్పున రెండు చుట్లకు పండ్రెండడుగులు తగ్గినవని, ఆక్షేపించువారికి అనుకూలముగానే లెక్క కట్టుదము. పండ్రెండడుగులకు అర సెకను. ఆ అర సెకనును కలిపినచో 1 నిమిషము 48.3 సెకనులు. నాటి ప్రపంచ రికార్డు 49.6. ఇంకను 1.3 సెకనులు మిగులుచున్నవి. బాటను సరిచేసి పరుగెత్తించినను ఆ పద్దు అతనిదే కావలసినదని అంకెలే చెప్పుచున్నవి.

అయినను కొట్టివేసినవారి పక్షమున గూడ ఒక మాట చెప్పవలెను. నియమము నియమమే. కొలత తప్పిన బాటమీది కాలమును గ్రంథస్థము చేయరాదనుట సరియైన శాసనము. ఒకరికి సడలించినచో రేపు ప్రతి ఊరను పొట్టి బాటలు వెలయును. పొలము కొలుచు గొలుసున ఒక్క కడియము మడతపడినను ఎకరములు మారునని ఇక్కడి రైతుసోదరులకు నేను చెప్పనక్కరలేదు. ఆ మడతకు తగవులాడి కోర్టులకెక్కినవారు ఈ సభలోనే కలరు. కాని గొలుసు తప్పు కొలిచినవానిది. పొలము దున్నినవానిది గాదు. పద్దు కొట్టివేయవలసివచ్చినప్పుడు, ఏల కొట్టివేసితిమో రిమార్కుల గడిలో ఒక పంక్తి వ్రాయుట లెక్కవ్రాయువాని కనీస ధర్మము. బెర్లినులో అతడు అధికముగా పరుగెత్తిన అడుగులను ఎవరును అతని ఖాతాకు జమ కట్టలేదు. డల్లాసులో తక్కువైన అడుగులకు పద్దంతయు తుడిచివేసిరి. ఆ రెంటి నడుమ రిమార్కుల గడి ఖాళీగా నుండెను. నేడు ఈ ప్రసంగమును ఆ గడిలో వ్రాసిన ఒక పంక్తిగా భావింప ప్రార్థన.

తక్కిన పందెముల సంగతి త్వరగా ముగింతును. ఏలయన గెలుపుల జాబితా వినుటకు విసుగు. 1937, 1938, 1939 సంవత్సరములలో అఖిల అమెరికా కళాశాలల పోటీలలో అర్ధమైలు పందెమును వరుసగా మూడుమార్లు గెలిచెను. అంతవరకు చెప్పిన చాలును. 1939లో జర్మనీవాడు రూడాల్ఫ్ హార్బిగ్ మిలాను నగరమున 1 నిమిషము 46.6 సెకనులలో పరుగెత్తి లోకమును ఆశ్చర్యపరచెను. 1940లో వుడ్రఫ్ 48.6 సెకనులతో అమెరికా రికార్డు నెలకొల్పెను. ఈమారు ఎవరును అడుగులు లెక్కపెట్టి కొట్టివేయలేదు. ఆ యేడు ఒలింపిక్కులు జరిగియుండినచో వుడ్రఫ్, హార్బిగ్ ఎదురెదురుగా నిలిచెడివారు. యుద్ధము వచ్చి ఆ క్రీడలను మ్రింగివేసెను. హార్బిగ్ 1944లో తూర్పు రంగమున యుద్ధములో మరణించెను. ఆ పందెము జరుగనే లేదు. పరుగువాని యౌవనము మామిడిపూత వంటిది. ఆ ఋతువు తప్పెనా, నాలుగేండ్లు ఆగుమనుటకు వీలులేదు. 1936 పిమ్మట మరల ఒలింపిక్కులు 1948లో గాని జరుగలేదు. అప్పటికి వుడ్రఫ్‌నకు 33 ఏండ్లు.

నాకు ఈ మనిషిపై గౌరవము హెచ్చుటకు పిమ్మటి జీవితమే కారణము. 1939లో సంఘశాస్త్రమున పట్టము పుచ్చుకొనెను. 1941లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున పై పట్టము గైకొనెను. ఆ యేడే సైన్యమున చేరి, యుద్ధము ముగియునాటికి కెప్టెను అయ్యెను. కొరియా యుద్ధకాలమున మరల చేరి, 1957లో లెఫ్టినెంటు కర్నలు హోదాతో విరమించెను. ఏ దేశము అతనిని అనాపొలిసుకు తీసికొనిపోలేదో ఆ దేశపు సైన్యములోనే. ఆపైన న్యూయార్కులో ఉపాధ్యాయుడుగ పనిచేసెను. బీదసాదల సంక్షేమశాఖలో విచారణాధికారిగ నుండెను. పోలీసువారు బాలుర కొరకు నడపు ఆటల కేంద్రమును నిర్వహించెను. శిక్షాకాలము నిండకమునుపే షరతులపై విడుదలయైన ఖైదీల బాగోగులు చూచు ఉద్యోగమును చేసెను. ఇవి పత్రికల ఆటల పుటలోనికి రాదగిన ఉద్యోగములు కావు. జీవితపు పరుగున చిక్కుపడి నడుమ నిలిచిపోయినవారిని మరల బాట యెక్కించు పనులని మాత్రము నేను చెప్పుదును. ఆ విద్య అతనికి తెలిసినదే కదా!

వృద్ధాప్యమున ఆయన అరిజోనా రాష్ట్రమున స్థిరపడిరి. రక్తప్రసరణ లోపించి, రెండు కాళ్లను వైద్యులు తీసివేయవలసివచ్చెను. తొమ్మిదడుగుల అంగ వేసిన కాళ్లవి. చక్రముల కుర్చీలో కూర్చుండియే తన కథ యడుగ వచ్చినవారికి చెప్పుచుండెడివారట. 2007 అక్టోబరు 30వ తేదీన 92వ యేట పరమపదించిరి. బెర్లిను పతకమును తాము చదివిన పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమునకే ఇచ్చివేసిరి. అనాపొలిసుకు తమను విడిచి వెళ్లినది ఆ విద్యాలయమే యని మీకు జ్ఞప్తి చేయవలసిన పని లేదు.

ఇక ఆ ఓకు మొక్క. కానెల్స్‌విల్ క్రీడామైదానమున అది పాతుకొని, ఏటేట పెరిగి, మహావృక్షమయ్యెను. ఆ ఊరివారు వుడ్రఫ్ పేర ఐదు కిలోమీటర్ల పరుగునొకదానిని నెలకొల్పిరి. దానికి గెలువగోరువారే గాక నడువగోరువారును రావచ్చును.

అధ్యక్షులవారు రెండుమార్లు గడియారము చూచిరి. నా కాలమును వారు ఎంతగా నమోదు చేసిరో తెలియదు. సెలవు.